చిన్న డ్యాక్‌తో ఇంట్లో మంచి సంగీతం వినడం ఎలా: ఎంపిక, అమరిక, పరీక్ష

కంప్యూటర్‌లోనో ఫోన్‌లోనో దాచుకున్న పాట నిజానికి అంకెల వరుస. సీడీ ప్రమాణంలో ఒక్కో చానల్‌కు సెకనుకు 44,100 అంకెలుంటాయి. ప్రతి అంకె 65,536 మెట్లలో ఏదో ఒక మెట్టును సూచిస్తుంది. ఆ అంకెల వరుసను యాంప్లిఫయర్‌కో హెడ్‌ఫోన్‌కో అందించగల విద్యుత్ తరంగంగా మార్చేది డిజిటల్ టు అనలాగ్ కన్వర్టర్. వాడుకలో దాన్నే డ్యాక్ అంటున్నాం. ఫోన్, ల్యాప్‌టాప్, టీవీ, బ్లూటూత్ స్పీకర్, ఇలా డిజిటల్ పాటను వినిపించే ప్రతి వస్తువులోనూ ఒక డ్యాక్ ఇప్పటికే ఉంటుంది. అందువల్ల అరచేతిలో పట్టే ఒక పెట్టెను విడిగా కొనే ముందు, లోపల ఉన్నదాని కంటే అది ఏ పనిని మెరుగ్గా చేస్తుందో తెలుసుకోవడం అవసరం.

విడి డ్యాక్ చేసే మేలు ప్రధానంగా రెండు రకాలు. ల్యాప్‌టాప్ లోపలి ప్రాసెసర్, డిస్క్, చార్జింగ్ సర్క్యూట్ పుట్టించే రొదకు దూరంగా ఈ మార్పిడి జరుగుతుంది. యాంప్లిఫయర్ కోరే స్థాయిలో, అంటే సుమారు 2 వోల్టుల దాకా, శుభ్రమైన సిగ్నల్ అందుతుంది. అంతకు మించి దాని నుంచి ఆశించకూడదు. బలహీనమైన స్పీకర్‌ను అది బలపరచదు, సరిగ్గా రికార్డు కాని పాటను బాగుచేయదు, గదిలోని ప్రతిధ్వనిని తగ్గించదు. మంచి డ్యాక్ తనదంటూ ఒక ధ్వనిని కలపదు. దాని ముందు అంకెలు చెదరకుండా, దాని తరువాత సిగ్నల్‌లో రొద చేరకుండా చూసుకోవడమే మన పని. కింద చెప్పిన పనులన్నీ అందుకోసమే.

మొదటి పని: అవసరం ఉందో లేదో తేల్చుకోండి

ల్యాప్‌టాప్ హెడ్‌ఫోన్ రంధ్రం నుంచి మీ యాంప్లిఫయర్‌కు లేదా యాక్టివ్ స్పీకర్లకు (లోపలే యాంప్లిఫయర్ ఉన్నవాటికి) మామూలు కేబుల్ కలిపి, పాటేదీ పెట్టకుండా, వాల్యూమ్‌ను మీరు రోజూ వినే స్థాయి కంటే కొద్దిగా పెంచి, స్పీకర్ దగ్గర చెవి పెట్టి వినండి. తరువాత మౌస్ కదపండి, ఒక పెద్ద ఫైల్ కాపీ చేయండి, బ్రౌజర్‌లో ఒక పేజీని పైకీ కిందికీ జరపండి. మౌస్ కదిలినప్పుడల్లా సన్నని కీచు శబ్దమో, ఫైల్ కాపీ అవుతున్నంతసేపూ చిటపటలో వినిపిస్తే, ఆ రొద ల్యాప్‌టాప్ లోపలి సర్క్యూట్ల నుంచి వస్తున్నదే. విడి డ్యాక్ దీన్ని చాలా వరకు తొలగిస్తుంది. ఏమీ వినిపించకపోతే, పాట వాల్యూమ్ కూడా సరిపోతుంటే, మీ ల్యాప్‌టాప్‌లో ఉన్న డ్యాక్ తన పని బాగానే చేస్తోందని అర్థం. అప్పుడు డబ్బు స్పీకర్లకో హెడ్‌ఫోన్‌కో ఖర్చుపెట్టడం మేలు.

మీ స్పీకర్లకు యూఎస్‌బీ లేదా ఆప్టికల్ ఇన్‌పుట్ ఉంటే, ఏవీ రిసీవర్ వాడుతుంటే, డ్యాక్ వాటిలోనే ఉంది. ముందు దాన్ని వాడి చూడండి. బ్లూటూత్ స్పీకర్‌కు మాత్రం విడి డ్యాక్‌తో ఏ ప్రయోజనమూ ఉండదు, ఎందుకంటే ఫోన్ దానికి అంకెలనే పంపుతుంది, మార్పిడి స్పీకర్ లోపలే జరుగుతుంది.

రెండో పని: మీ వాడకానికి తగినదాన్ని ఎంచుకోండి

చిన్న డ్యాక్‌లను మూడు రకాలుగా చూడవచ్చు. ఒకటి, ఫోన్‌కు వేలాడే డాంగిల్: ఒక చివర యూఎస్‌బీ-సీ, రెండో చివర 3.5 మిల్లీమీటర్ల హెడ్‌ఫోన్ రంధ్రం. రెండోది, వెనుక ఎరుపు, తెలుపు ఆర్‌సీఏ సాకెట్లు ఉండి యాంప్లిఫయర్‌కు మాత్రమే కలిపే చిన్న పెట్టె. మూడోది, ఆర్‌సీఏతో పాటు ముందువైపు హెడ్‌ఫోన్ సాకెట్, వాల్యూమ్ నాబ్ కూడా ఉండేది. స్పీకర్లతోనే వినేవారికి రెండో రకం చాలు. రాత్రి పూట ఇంట్లో అందరూ పడుకున్నాక హెడ్‌ఫోన్‌తో వినే అలవాటున్నవారు మూడో రకం తీసుకోవాలి. సన్నని ఇయర్‌ఫోన్‌లతో మాత్రమే వినేవారికి మంచి డాంగిల్ నిజంగానే సరిపోతుంది. పరిమాణం చూసి దాన్ని తక్కువ అంచనా వేయకూడదు.

అట్ట పెట్టె మీద 32 బిట్లు, 768 కిలోహెర్ట్జ్ అని పెద్ద అక్షరాలతో ముద్రించిన సంఖ్యలను పట్టించుకోనవసరం లేదు. మన దగ్గరున్న సంగీతంలో అత్యధిక భాగం 16 బిట్లు (అంటే 65,536 మెట్లు), 44.1 కిలోహెర్ట్జ్‌లో (సెకనుకు 44,100 అంకెలు) ఉంటుంది. హై రిజల్యూషన్ పేరుతో అమ్మేవి సాధారణంగా 24 బిట్లు, 192 కిలోహెర్ట్జ్‌కు మించవు. మనిషి చెవికి వినిపించే గరిష్ఠ ఫ్రీక్వెన్సీ సుమారు 20 కిలోహెర్ట్జ్ కాగా, 44.1 కిలోహెర్ట్జ్ రేటు 22.05 కిలోహెర్ట్జ్ వరకు ఉన్న ధ్వనిని నమోదు చేయగలదు. కాబట్టి 192 కిలోహెర్ట్జ్‌ను అందుకునే ఏ డ్యాక్ అయినా చాలు.

చిప్ పేరు చూసి కొనడం కూడా సరైన పద్ధతి కాదు. ఈఎస్ఎస్, ఏకేఎం, సిరస్ లాజిక్ సంస్థల చిప్‌లు చిన్న డ్యాక్‌లలో ఎక్కువగా కనిపిస్తాయి. 2020 అక్టోబరులో జపాన్‌లోని నొబెయొకాలో ఏకేఎం ఫ్యాక్టరీ అగ్నిప్రమాదంలో తగలబడ్డాక ఆ చిప్‌లు దొరకడం కష్టమై, అనేక తయారీదారులు వేరే సంస్థ చిప్‌లతో తమ డిజైన్‌లను మార్చుకోవలసి వచ్చింది. అలా మారిన పరికరాల్లోనూ కొలతలు పాతవాటికి దీటుగా, కొన్నిచోట్ల మెరుగ్గా వచ్చాయి. చిప్ చుట్టూ ఉండే విద్యుత్ సరఫరా, ఔట్‌పుట్ సర్క్యూట్, క్లాక్ (అంకెల వేగాన్ని నిర్ణయించే భాగం) ఎంత శ్రద్ధగా రూపొందించారన్నదే ఫలితాన్ని నిర్ణయిస్తుంది.

చూడవలసినవి కొన్ని ఉన్నాయి. ఆర్‌సీఏ ఔట్‌పుట్ 2 వోల్టులకు దగ్గరగా ఉండాలి. యూఎస్‌బీ ఆడియో క్లాస్ 2 ప్రమాణాన్ని పాటించాలి. అలా ఉంటే విండోస్, మ్యాక్, లినక్స్, ఆండ్రాయిడ్‌లలో సాధారణంగా విడిగా డ్రైవర్ ఎక్కించే పని ఉండదు. టీవీ పాటలు కూడా దీని గుండా వినాలనుకుంటే ఆప్టికల్ ఇన్‌పుట్ ఉండాలి. కొలతల సమీక్షల్లో సైనాడ్ అనే సంఖ్య కనిపిస్తుంది. అసలు సిగ్నల్‌తో పోలిస్తే రొద, వక్రీకరణ కలిపి ఎంత కింద ఉన్నాయో అది డెసిబెల్స్‌లో చెబుతుంది. సీడీ ప్రమాణం సిద్ధాంతరీత్యా ఇవ్వగలిగేది సుమారు 96 డెసిబెల్స్ కనుక, సైనాడ్ 100 దాటిన పరికరం ఇంటి వాడకానికి పూర్తిగా సరిపోతుంది. 110కీ 120కీ మధ్య తేడాను ఫ్యాన్ తిరుగుతున్న గదిలో ఎవరూ పట్టలేరని నా గట్టి అభిప్రాయం; ఆ తేడా కోసం రెట్టింపు ధర పెట్టకండి.

హెడ్‌ఫోన్ వాడేవారు మరో సంఖ్యను అడిగి తెలుసుకోవాలి: హెడ్‌ఫోన్ సాకెట్ ఔట్‌పుట్ ఇంపిడెన్స్ (కరెంటుకు ఎదురయ్యే అడ్డు, ఓమ్‌లలో కొలుస్తారు). హెడ్‌ఫోన్ ఇంపిడెన్స్‌లో ఎనిమిదో వంతు కంటే అది తక్కువగా ఉండాలన్నది స్థిరపడిన నియమం. 16 ఓమ్‌ల ఇయర్‌ఫోన్‌కు 2 ఓమ్‌లు గానీ అంతకు తక్కువ గానీ ఉండాలి. ఎక్కువైతే కొన్ని ఇయర్‌ఫోన్‌లలో మంద్ర స్వరాలకూ తార స్వరాలకూ మధ్య సమతూకం మారిపోతుంది. 300 ఓమ్‌ల సెన్‌హైజర్ హెచ్‌డీ 600 వంటి హెడ్‌ఫోన్‌లకు సమస్య వేరు: వాటికి వోల్టేజ్ ఎక్కువ కావాలి, ఒక వోల్టు మాత్రమే ఇచ్చే చిన్న డాంగిల్‌తో వాల్యూమ్ చాలకపోవచ్చు.

మూడో పని: వైర్లు కలిపే క్రమం పాటించండి

యాంప్లిఫయర్ ఆపేసి, దాని వాల్యూమ్‌ను పూర్తిగా తగ్గించి పని మొదలుపెట్టండి. డ్యాక్ వెనుక ఎరుపు సాకెట్ కుడి చానల్‌ది, తెలుపు ఎడమ చానల్‌ది. ఆర్‌సీఏ కేబుల్ రెండో చివరను యాంప్లిఫయర్‌లో ఆక్స్ లేదా సీడీ అని రాసి ఉన్న ఇన్‌పుట్‌కు కలపండి. ఫోనో అని రాసి ఉన్న సాకెట్ గ్రామఫోన్ సూది నుంచి వచ్చే అతి చిన్న సిగ్నల్ కోసం ఏర్పాటు చేసినది. అందులో 2 వోల్టులు పెడితే భరించరాని వికృత శబ్దం వస్తుంది.

తరువాత యూఎస్‌బీ కేబుల్‌ను హబ్ ద్వారా కాకుండా నేరుగా ల్యాప్‌టాప్ పోర్టుకు పెట్టండి. డ్యాక్‌కు ప్రాణం వచ్చాక, చివరగా యాంప్లిఫయర్ ఆన్ చేయండి. ఆపేటప్పుడు ముందు యాంప్లిఫయర్, ఆ తరువాతే డ్యాక్. ఈ క్రమం ఎందుకంటే, డ్యాక్ ఆన్ అయ్యే, ఆఫ్ అయ్యే క్షణంలో కొన్నిసార్లు ఔట్‌పుట్‌లో ఒక కుదుపు పుడుతుంది. యాంప్లిఫయర్ అప్పటికే పనిచేస్తుంటే అది స్పీకర్‌లో ధన్‌మని కొడుతుంది, ట్వీటర్‌కు (తార స్వరాలు పలికే చిన్న స్పీకర్‌కు) మంచిది కాదు.

కేబుల్‌కు వేలు ఖర్చు పెట్టకండి. రెండు మీటర్ల లోపు, గట్టిగా కూర్చునే మామూలు యూఎస్‌బీ కేబుల్ అంకెలను అంకెలుగానే చేరవేస్తుంది. ఇప్పటి డ్యాక్‌లు ఎక్కువగా అసింక్రనస్ పద్ధతిలో పనిచేస్తాయి, అంటే కాలాన్ని నిర్ణయించే క్లాక్ డ్యాక్‌లోనే ఉంటుంది, కంప్యూటర్ దాని వేగానికి తగ్గట్టు అంకెలు పంపుతుంది. కనుక కేబుల్ మార్చి కాలపు తప్పులను సవరించేదేమీ లేదు. కదిలిస్తే చిటపటమనే వదులు కేబుల్‌ను మాత్రం వెంటనే మార్చండి.

ఫోన్‌తో వాడేవారు డేటా పంపగల యూఎస్‌బీ-సీ కేబుల్ వాడాలి. కొన్ని చవక కేబుళ్లు చార్జింగ్‌కే పనికొస్తాయి. ఐఫోన్ 15 నుంచి యూఎస్‌బీ-సీ పోర్టు వచ్చింది కనుక నేరుగా కలపవచ్చు. అంతకు ముందున్న మోడళ్లకు ఆపిల్ కెమెరా అడాప్టర్ కావాలి. డ్యాక్ ఎక్కువ కరెంటు లాగితే ఫోన్ దాన్ని గుర్తించకుండా వదిలేస్తుంది. డ్యాక్ వెనుక విద్యుత్ కోసం విడి పోర్టు ఉంటే దానికి 5 వోల్టుల చార్జర్ పెట్టండి.

టీవీ నుంచి ఆప్టికల్ కేబుల్ పెట్టినవారు టీవీ సౌండ్ మెనూలో డిజిటల్ ఔట్‌పుట్‌ను తప్పనిసరిగా పీసీఎమ్‌కు (కుదించని మామూలు అంకెల రూపానికి) మార్చాలి. డాల్బీ లేదా బిట్‌స్ట్రీమ్ అని ఉంటే చిన్న స్టీరియో డ్యాక్ దాన్ని విప్పలేదు; శబ్దమే రాదు లేదా బుసబుసమంటూ రొద వస్తుంది. కొత్త డ్యాక్ పాడైందనుకుని వెనక్కి పంపేవారిలో కొందరి సమస్య ఇదే.

నాలుగో పని: అంకెలు చెదరకుండా సెట్టింగ్‌లు మార్చండి

విండోస్‌లో సౌండ్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఔట్‌పుట్‌గా మీ డ్యాక్‌ను ఎంచుకోండి. 2017లో వచ్చిన విండోస్ 10 వెర్షన్ 1703 నుంచి యూఎస్‌బీ ఆడియో క్లాస్ 2 డ్రైవర్ విండోస్‌లోనే ఉంది. డ్యాక్ ప్రాపర్టీస్‌లో ఎన్‌హాన్స్‌మెంట్స్ అని కనిపించేవన్నీ ఆపేయండి. బాస్ పెంచడం, వర్చువల్ సరౌండ్, లౌడ్‌నెస్ సమం చేయడం వంటివన్నీ అంకెలను మార్చేసేవే. ఫార్మాట్ దగ్గర 24 బిట్లు, 44,100 హెర్ట్జ్ ఎంచుకోండి. మీ సంగీతంలో ఎక్కువ భాగం ఆ రేటులోనే ఉంటుంది కనుక అనవసరమైన రేటు మార్పిడి తప్పుతుంది. 16 కాకుండా 24 ఎందుకన్నది వాల్యూమ్ గురించి చెప్పేటప్పుడు తెలుస్తుంది.

విండోస్ తన మిక్సర్ గుండా అన్ని శబ్దాలనూ కలిపి పంపుతుంది. దాన్ని దాటించాలంటే ప్లేయర్‌లో వాసాపీ (విండోస్ ఆడియో వ్యవస్థ) ఎక్స్‌క్లూజివ్ మోడ్ వాడాలి. ఫూబార్2000 అనే ఉచిత ప్లేయర్‌లో ప్రిఫరెన్సెస్, ఔట్‌పుట్ దగ్గర మీ డ్యాక్ పేరు పక్కన ఎక్స్‌క్లూజివ్ అని ఉన్నదాన్ని ఎంచుకుంటే ప్రతి పాటా తన సొంత రేటులోనే డ్యాక్‌కు చేరుతుంది. పాట నడుస్తుండగా మెసేజ్ వచ్చిన టింగుమనే చప్పుడు కూడా వినిపించదు. ఎక్స్‌క్లూజివ్ మోడ్ పనిచేస్తోందనడానికి అదే గుర్తు.

మ్యాక్‌లో అప్లికేషన్స్ ఫోల్డర్‌లోని యుటిలిటీస్‌లో ఆడియో మిడి సెటప్ ఉంటుంది. ఎడమవైపు జాబితాలో డ్యాక్‌ను నొక్కి, ఫార్మాట్ దగ్గర రేటును మీరే ఎంచుకోండి. ఆపిల్ మ్యూజిక్ 2021 నుంచి లాస్‌లెస్ (నాణ్యత పోకుండా దాచిన) పాటలు ఇస్తోంది గానీ, సెట్టింగ్స్‌లో ఆడియో క్వాలిటీలోకి వెళ్లి లాస్‌లెస్‌ను మీరే ఆన్ చేయాలి. 24 బిట్లు, 48 కిలోహెర్ట్జ్ దాటినవి వినాలంటే చాలా పరికరాలకు విడి డ్యాక్ ఉండాలి.

ఆండ్రాయిడ్ సాధారణంగా అన్నిటినీ 48 కిలోహెర్ట్జ్‌కు మార్చి పంపుతుంది. ఆండ్రాయిడ్ 14 నుంచి మిక్సర్‌ను దాటించే సదుపాయం వచ్చినా, యాప్ కూడా దాన్ని వాడుకోవాలి. సొంత డ్రైవర్‌తో వచ్చే యూఎస్‌బీ ఆడియో ప్లేయర్ ప్రో వంటి యాప్‌తో పాత ఫోన్‌లలోనూ ఇది సాధ్యమే. అయితే ఈ మార్పిడి గురించి అతిగా బెంగపడవద్దని చెబుతాను. నేటి ఫోన్‌లు 44.1ని 48గా మార్చే పనిని వినికిడికి తేడా తెలియనంత బాగానే చేస్తున్నాయి. ఈక్వలైజర్, డాల్బీ అట్మాస్ వంటివి ఆపేయడమే అక్కడ ముఖ్యం.

అంతా సరిగ్గా కుదిరిందో లేదో డ్యాక్ ముఖమే చెబుతుంది. చాలా డ్యాక్‌ల ముందువైపు చిన్న తెర మీద రేటు అంకెల్లో కనిపిస్తుంది, లేదా రేటును బట్టి దీపం రంగు మారుతుంది. సీడీ నుంచి తీసిన ఒక పాట పెట్టండి: 44.1 చూపించాలి. 96 కిలోహెర్ట్జ్ ఫైల్ పెట్టండి: అంకె 96కు మారాలి, కొన్ని డ్యాక్‌లలో రెండు పాటల మధ్య రిలే అనే స్విచ్ టిక్కుమంటుంది. ఏ పాట పెట్టినా అంకె ఒకేచోట (44.1 లేదా 48 దగ్గర) నిలిచిపోతే, దారిలో ఎక్కడో కంప్యూటర్ పాటను మార్చి పంపుతోందని అర్థం. ఎక్స్‌క్లూజివ్ మోడ్ దగ్గరకు తిరిగి వెళ్లండి.

ఐదో పని: వాల్యూమ్ ఎక్కడ తిప్పాలో నిర్ణయించుకోండి

యాంప్లిఫయర్‌కు అందుబాటులో నాబ్ ఉంటే, కంప్యూటర్ వాల్యూమ్‌ను 100 దగ్గర, డ్యాక్‌ను స్థిర ఔట్‌పుట్‌లో ఉంచి, నాబ్‌తోనే పెంచడం తగ్గించడం చేయండి. నాబ్‌ను ఏమాత్రం తిప్పినా గది దద్దరిల్లిపోతోందంటే 2 వోల్టులు ఆ యాంప్లిఫయర్‌కు ఎక్కువవుతున్నాయి. అప్పుడు డ్యాక్‌లో 6 లేదా 10 డెసిబెల్స్ తగ్గించండి, నాబ్ మధ్యలోకి వచ్చి సన్నగా సర్దుకోవడానికి వీలుంటుంది.

నాబ్ స్పీకర్ వెనుక ఉండి చేయి అందకపోతే కంప్యూటర్‌లోనే తగ్గించవచ్చు. డిజిటల్ వాల్యూమ్ పాటను పాడుచేస్తుందన్న మాట 16 బిట్ల కాలంలో నిజం. ఒక్కో బిట్ సుమారు 6 డెసిబెల్స్‌కు సమానం. 30 డెసిబెల్స్ తగ్గిస్తే 5 బిట్లు పోతాయి. ఔట్‌పుట్ 16 బిట్లకు పెట్టి ఉంటే 11 మాత్రమే మిగులుతాయి, ఆలాపనలో మెత్తగా ముగిసే చోట గరుకుదనం పైకి రావచ్చు. 24 బిట్లకు పెట్టి ఉంటే 19 మిగులుతాయి. సీడీలో ఉన్నదానికి అవి చాలినంత. విండోస్‌లో 24 ఎంచుకోమన్నది ఇందుకే.

కొత్త సినిమా పాటల విషయంలో ఇంకో చిన్న జాగ్రత్త చెప్పాలి. వాటిని వీలైనంత బిగ్గరగా ఉండేలా, అంకెల పైకప్పుకు తగిలేలా మాస్టరింగ్ చేస్తున్నారు. రెండు అంకెల మధ్య తరంగాన్ని డ్యాక్ తిరిగి గీసేటప్పుడు శిఖరం ఆ పైకప్పును దాటవచ్చు, కొన్ని డ్యాక్‌లలో అది నలిగిపోతుంది. ప్లేయర్‌లో 3 డెసిబెల్స్ తగ్గించి వినండి. ఫూబార్2000లో రీప్లేగెయిన్ ఆన్ చేస్తే ఇలాంటి బిగ్గర పాటలు వాటంతటవే తగ్గుతాయి, పాత పాట తరువాత కొత్త పాట వచ్చినప్పుడు ఉలిక్కిపడే అవసరమూ ఉండదు.

హెడ్‌ఫోన్ పెట్టుకునేవారు మాత్రం చెవికి తగిలించుకునే ముందు ప్రతిసారీ వాల్యూమ్ చూసుకోవాలి. ఎక్స్‌క్లూజివ్ మోడ్‌లో కొన్నిసార్లు కంప్యూటర్ వాల్యూమ్ బటన్ పనిచేయదు, పాట పూర్తి స్థాయిలో మొదలవుతుంది.

ఆరో పని: గుయ్‌మనే శబ్దాన్ని వెతికి తీసేయండి

కొత్త డ్యాక్ పెట్టినవారిని ఎక్కువగా నిరాశపరిచేది స్పీకర్లలో ఆగకుండా వచ్చే గుయ్‌మనే శబ్దం. మన ఇళ్లలో కరెంటు 230 వోల్టులు, 50 హెర్ట్జ్. ఆ 50 గానీ, దాని రెట్టింపు 100 గానీ పాట సిగ్నల్‌లోకి చొరబడితే ఈ గుయ్ పుడుతుంది. డ్యాక్‌లో లోపమేమీ లేకుండానే ఇది రావచ్చు.

మొదట ల్యాప్‌టాప్ చార్జర్ పీకి బ్యాటరీ మీద నడపండి. శబ్దం ఒక్కసారిగా ఆగిపోతే దారి తెలిసిపోయినట్లే. రెండు పిన్నుల చార్జర్‌తో ఉన్న లోహపు ల్యాప్‌టాప్ అంచు మీద మణికట్టు ఆనించినప్పుడు సన్నగా జివ్వుమనడం చాలామందికి అనుభవమే. చార్జర్ లోపలి ఫిల్టర్ కెపాసిటర్ గుండా కారే అతి స్వల్ప కరెంటు అది. అదే కరెంటు యూఎస్‌బీ కేబుల్ పై తొడుగు గుండా డ్యాక్‌లోకి, అక్కడి నుంచి ఆర్‌సీఏ కేబుల్ గుండా యాంప్లిఫయర్ ఎర్త్‌కు చేరుతూ దారిలో గుయ్ అనిపిస్తుంది. చార్జర్, యాంప్లిఫయర్ రెండూ మూడు పిన్నులవై, గదిలో వేర్వేరు మూలల్లోని బోర్డులకు పెట్టి ఉంటే, రెండు ఎర్త్‌ల మధ్య చిన్న తేడా వల్ల కేబుళ్ల గుండా ఒక వలయం ఏర్పడి అదే ఫలితం వస్తుంది.

కాబట్టి ముందు ల్యాప్‌టాప్ చార్జర్, యాంప్లిఫయర్, డ్యాక్ చార్జర్ అన్నిటినీ ఎర్తింగ్ ఉన్న ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్స్‌కు మార్చండి. చాలా ఇళ్లలో ఇంతటితో సమస్య తీరుతుంది. తీరకపోతే, కంప్యూటర్‌కు ఆప్టికల్ ఔట్‌పుట్ ఉందేమో చూడండి. డెస్క్‌టాప్ మదర్‌బోర్డులకు తరచుగా ఉంటుంది. ఆప్టికల్ కేబుల్‌లో వెలుగే తప్ప కరెంటు ప్రవహించదు కనుక వలయం అక్కడే తెగిపోతుంది. అది లేకపోతే యూఎస్‌బీ ఐసోలేటర్ వాడవచ్చు. అయితే చవక ఐసోలేటర్లు 12 మెగాబిట్ల వేగానికే పరిమితం. యూఎస్‌బీ ఆడియో క్లాస్ 2 డ్యాక్‌లకు 480 మెగాబిట్ల హై స్పీడ్ ఐసోలేటర్ కావాలి, అడిగి తీసుకోండి. ఆర్‌సీఏ కేబుల్ మధ్యలో పెట్టే చిన్న ట్రాన్స్‌ఫార్మర్ ఐసోలేటర్ చవకైనదే కానీ, నాసిరకానిదైతే మంద్ర స్వరాలను పలచన చేస్తుంది. దాన్ని చివరి మార్గంగానే ఉంచుకోండి.

ప్లగ్ మూడో పిన్ను విరగ్గొట్టడం, ఎర్త్ వైరు ఊడదీయడం లాంటి సలహా ఎవరిచ్చినా పాటించకండి. గుయ్ ఆగుతుంది నిజమే, కానీ యాంప్లిఫయర్ లోపల ఏ రోజైనా లోపం వస్తే దాని లోహపు పెట్టె మొత్తం 230 వోల్టులకు చేరుతుంది, తాకినవారి ప్రాణం పోవచ్చు. పాత ఇళ్లలో సాకెట్‌కు మూడు రంధ్రాలున్నా లోపల ఎర్త్ వైరు లేకపోవడం అసాధారణమేమీ కాదు. ఎలక్ట్రీషియన్‌తో ఒకసారి పరీక్షింపజేసుకోండి.

కరెంటు పోయి ఇన్వర్టర్ మీద నడుస్తున్నప్పుడు మాత్రమే బుర్రుమనే కరకు శబ్దం వస్తే కారణం వేరు. స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ ఇచ్చే కరెంటులో 50తో పాటు 150, 250, 350 హెర్ట్జ్‌లు కూడా బలంగా ఉంటాయి, చెవికి అవి మరింత స్పష్టంగా తెలుస్తాయి. ప్యూర్ సైన్ వేవ్ ఇన్వర్టర్‌తో ఈ బాధ ఉండదు. ఫ్యాన్ రెగ్యులేటర్ తిప్పినప్పుడు శబ్దం మారుతుంటే ఆర్‌సీఏ కేబుల్‌ను గోడ వైరింగ్ నుంచి దూరంగా జరపండి. మొబైల్ ఫోన్‌ను డ్యాక్ మీద పెట్టకండి.

ఏడో పని: వినదగిన ఫైళ్లు సమకూర్చుకోండి

యూట్యూబ్‌లో పాట ఎంత బాగా వినిపించినా, అది కుదించిన ఆడియో. డ్యాక్ దాన్ని నమ్మకంగా వినిపిస్తుంది, పోయినదాన్ని తిరిగి తేలేదు. ఎంపీ3 ఫైల్‌ను ఫ్లాక్‌గా (నాణ్యత కోల్పోకుండా దాచే ఫైల్ రకంగా) మార్చినా పరిమాణం పెరుగుతుందే తప్ప నాణ్యత పెరగదు. మీ బీరువాలో పాత సీడీలుంటే అవే మీ దగ్గరున్న ఉత్తమ మూలం కావచ్చు. ఎగ్జాక్ట్ ఆడియో కాపీ అనే ఉచిత ప్రోగ్రామ్‌తో వాటిని ఫ్లాక్‌లోకి తీసుకోండి. గీతలు పడిన చోట అది మళ్లీ మళ్లీ చదువుతుంది, అక్యురేట్‌రిప్ ద్వారా ఇతరులు తీసిన అదే సీడీ ఫలితంతో పోల్చి సరిపోయిందో లేదో చెబుతుంది.

పాత తెలుగు పాటల విషయంలో అంచనాలు సరిగ్గా ఉండాలి. ఘంటసాల తొలినాళ్ల సినిమా పాటలు మోనోలో రికార్డయి, 78 ఆర్‌పీఎం రికార్డుల మీద వచ్చాయి. వాటిని 24 బిట్లు, 192 కిలోహెర్ట్జ్‌లో అమ్మినా సూది రొద, టేపు బుసే మరింత వివరంగా వస్తాయి. ఏ మాస్టర్ (మూల రికార్డింగ్) నుంచి, ఎంత శ్రద్ధగా బదిలీ చేశారన్నది అక్కడ అన్నిటికంటే ముఖ్యం. రొద తీసేసే పేరుతో గొంతులోని జీవాన్ని కూడా తీసేసిన ప్రతుల కంటే కొంచెం బుస ఉన్న ప్రతినే నేను ఎంచుకుంటాను.

డ్యాక్‌ను పరీక్షించడానికి వీణ రికార్డింగ్ ఒకటి దగ్గర ఉంచుకోండి. చిట్టిబాబు గానీ ఈమని శంకరశాస్త్రి గానీ మీటిన తరువాత తీగ ధ్వని సన్నగిల్లుతూ ఉండగానే వేలు దాన్ని లాగి గమకం పలికిస్తుంది. ఆ తగ్గిపోతున్న ధ్వని చివరి భాగమే పరీక్ష. రొద ఎక్కువగా ఉన్న దారిలో ఆ గమకం ముగియకముందే రొదలో కలిసిపోతుంది. శుభ్రమైన దారిలో స్వరం ఎక్కడ ఆగిందో స్పష్టంగా తెలుస్తుంది.

ఎనిమిదో పని: స్థాయి సమం చేసి పోల్చండి

కొత్త డ్యాక్ పెట్టగానే సంగీతం విచ్చుకున్నట్లు అనిపిస్తుంది. ల్యాప్‌టాప్ 1 వోల్టు ఇచ్చే చోట డ్యాక్ 2 వోల్టులు ఇస్తే అది 6 డెసిబెల్స్ ఎక్కువ బిగ్గరగా వినిపిస్తుంది, బిగ్గరగా వినిపించేది మెరుగైనదిగా తోచడం చెవి స్వభావం. స్థాయి సమం చేయకుండా చేసిన ఏ పోలికకూ విలువ లేదు.

ఇందుకు మామూలు మల్టీమీటర్ చాలు. ఆడాసిటీ అనే ఉచిత ఆడియో ప్రోగ్రామ్‌లో 200 హెర్ట్జ్ టోన్ తయారుచేయండి; చవక మీటర్లు ఎక్కువ ఫ్రీక్వెన్సీల దగ్గర ఏసీ వోల్టేజ్‌ను సరిగ్గా చూపించవు కనుక తక్కువ ఫ్రీక్వెన్సీ తీసుకోవడం మంచిది. టోన్‌ను తక్కువ వాల్యూమ్‌లో వినిపిస్తూ, మీటర్‌ను ఏసీ వోల్టుల్లో పెట్టి, యాంప్లిఫయర్ వెనుక ఒక స్పీకర్ టెర్మినల్స్ మధ్య కొలవండి. రెండు మొనలు ఒకదానికొకటి తగలకుండా చూసుకోండి. యాంప్లిఫయర్ నాబ్‌ను ఇక కదపకుండా, రెండో పరికరానికి మారి, దాని వాల్యూమ్‌ను సర్ది, రీడింగ్ ఒక శాతం లోపు తేడాకు వచ్చేలా చేయండి. మొదటిది 1.00 వోల్టు అయితే రెండోది 0.99కీ 1.01కీ మధ్య ఉండాలి. ఒక శాతం అంటే డెసిబెల్‌లో పదో వంతు కూడా కాదు.

తరువాత రెండిటినీ యాంప్లిఫయర్ రెండు ఇన్‌పుట్‌లకు కలిపి, ఏది నడుస్తోందో మీకు కనిపించకుండా ఇంట్లో ఒకరిని మార్చమనండి. వారు నాణెం ఎగరేసి ఎంచుకుని, కాగితం మీద రాసుకుంటే మరీ మంచిది. పదహారు సార్లలో పన్నెండు, అంతకు మించి సరిగ్గా చెప్పగలిగితే తేడా ఉందని నమ్మవచ్చు. డ్యాక్ మెనూలోని ఫిల్టర్ ఎంపికలను కూడా ఇలాగే పరీక్షించండి. తేడా తెలియకపోతే ఫాస్ట్ రోల్-ఆఫ్ లీనియర్ ఫేజ్ దగ్గర వదిలేయండి, 20 కిలోహెర్ట్జ్ వరకు సమానంగా ఉండేది అదే.

కొన్న తొలివారంలోనే ఈ పోలిక చేయండి, ఎందుకంటే ఆన్‌లైన్ దుకాణాల వాపసు గడువు తక్కువ. స్థాయి సమం చేశాక పాత దారికీ కొత్త డ్యాక్‌కూ మధ్య తేడా మీకు వినిపించకపోతే, మొదటి పనిలో వెతికిన రొద కూడా అసలు లేకపోయి ఉంటే, దాన్ని బిల్లుతో సహా తిరిగి పంపి, ఆ డబ్బుతో స్పీకర్లను చెవి ఎత్తుకు తెచ్చే స్టాండ్లు కొనండి. వాటిని గోడకు కొంత ముందుకు జరిపి, మీరు కూర్చునే చోటుతో కలిపి సమాన భుజాల త్రిభుజంగా అమర్చండి.